మూర్తి గారి నీలం

2023 ఎండాకాలం. ఫిల్మ్‌నగర్‌లో ఒక బంగళా సెల్లార్‌లో నడిచే డీఐ ల్యాబ్ నుంచి నెల తిరక్కుండానే నాకు మళ్లీ ఫోన్ వచ్చింది. డీఐ అంటే డిజిటల్ ఇంటర్మీడియట్. షూటింగ్ అయ్యాక ప్రతి షాటుకూ రంగూ వెలుగూ సరిచేసే పని. ఆ పని చేసే మనిషిని కలరిస్ట్ అంటారు. కలరిస్ట్ నమ్ముకున్న మానిటర్ నిజం చెబుతోందా లేదా అని కొలిచి చూడడం నా పని. దాని పేరు క్యాలిబ్రేషన్. అంతకుముందు చాలా ఏళ్లు ఒక దినపత్రికలో రంగుల పేజీల ప్రూఫులు చూశాను. ఆ సెక్షన్ మూతపడ్డాక ఇటు వచ్చాను.

"యాదన్నా, మూర్తి సార్ మానిటర్ మల్ల పసుపు కొడుతుందంటున్నరు. జర వచ్చి చూడు" అంది ల్యాబ్ మేనేజర్ శైలజ.

"మొన్ననే గదమ్మా చూసిన."

"గదే చెప్పిన. వింటలేరు."

సత్యమూర్తి గారిది తెనాలి. రీళ్లు కడిగే రోజుల్లో ఈ రంగంలోకి వచ్చారు. ఫిల్మ్ పోయి కంప్యూటర్ వచ్చినప్పుడు ఆయన తోటివాళ్లు చాలామంది ఇంటికి వెళ్లిపోయారు. ఆయన మాత్రం తనకంటే ఎంతో చిన్నవాళ్ల పక్కన కుర్చీ వేసుకుని సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నారు. తర్వాత వచ్చిన ప్రతి కొత్త వెర్షన్‌లో ఏముందో కుర్రాళ్లకు ఆయనే విప్పి చెప్పేవారు. కాలానికి వెనకబడ్డ మనిషి అని ఆయనను ఎవరూ అనలేరు. తర్వాత ఆయనకు జరిగింది నాకు ఇప్పటికీ మింగుడుపడకపోవడానికి అదే కారణం.

వెళ్లి ప్రోబ్ పెట్టాను. తెర మీద ఆనించి రంగును కొలిచే పరికరం అది. తెలుపు తెలుపుగానే ఉంది.

"మానిటర్ మంచిగనే ఉంది సార్."

"ఇది తెలుపా? ఏమయ్యా యాదగిరీ, నీ మిషన్‌కి కామెర్లు గానీ వచ్చాయా?"

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఇంకో ప్రోబ్‌తోని గూడ పోల్చి చూసిన సార్. రెండూ ఒకటే చెప్తున్నయి."

"అయితే రెంటికీ వచ్చాయి."

తెర మీద ఒక పెళ్లి సినిమా నడుస్తోంది. వెనక సోఫాలో ఆ సినిమా కెమెరామన్ కిరణ్ కూర్చున్నాడు. పెళ్లికూతురికి మంగళస్నానం చేయించే షాటు రాగానే ముందుకు వంగాడు.

"మాస్టారూ, పసుపు పాలిపోయిందండీ. పిల్ల మొహం జ్వరమొచ్చి లేచినట్టుంది."

"ఇంకా ఎంత పసుపు కావాలి నాయనా? తెరనిండా అదేగా!"

కిరణ్ నా వైపు చూశాడు. నేను పక్కనున్న చిన్న తెర వైపు చూశాను. షాటులో ఏ రంగు ఎంత ఉందో గ్రాఫులా చూపించే స్కోప్ అది. నీలం వైపు ఒరిగి ఉంది. మూర్తి గారు దాన్ని చూసేవారు కాదు. కళ్లున్నవాడికి గ్రాఫులెందుకు అనేవారు.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. కంట్లో శుక్లాలు ముదిరిన రోజుల్లో ఆమె తెల్లచీర చూసి గంధం రంగు అనేది. శుక్లం వస్తే కంటిలోపలి కటకం మెల్లగా పసుపుబారుతుంది. ఆ పసుపు తెరలో ఉందనుకుని మూర్తి గారు దాన్ని చంపడానికి నీలం కలుపుతున్నారు. ఎంత కాలంగా కలుపుతున్నారో లెక్క వేశాను. అప్పటికి కొన్నేళ్లుగా ఆయన సినిమాల్లో వెన్నెల పరిచినట్టుందని అందరూ మెచ్చుకుంటున్నారు. 'మూర్తి గారి నీలం' అని పేరే పడింది. జూబ్లీహిల్స్‌లోని మిగతా ల్యాబుల కుర్రాళ్లు దాన్ని కాపీ కొట్టడానికి ప్రీసెట్లు, అంటే ఒక్క బటన్‌తో ఆ రంగు తెచ్చే సెట్టింగులు, తయారుచేసుకున్నారు.

కిరణ్ టీకి బయటికి వెళ్లాడు.

"మానిటర్‌లో నీలం కాస్త పెంచు. నేను చెబుతున్నాగా" అన్నారు మూర్తి గారు.

శైలజ నన్ను తలుపు దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది. "ఆయన అడిగినట్టే పెట్టరాదన్నా. పెద్దమనిషి. ఈ సినిమా చేజారితే ఓనర్ ఆయన్ని ఉంచడు."

పెట్టాలనే అనిపించింది. ఆయన కంటికి సరిపడా మానిటర్ సెట్టింగ్ మారిస్తే ఆయనకు తెలుపు తెలుపుగా కనిపిస్తుంది. కానీ సోఫాలో కూర్చునే కిరణ్‌కు అదే తెర నీలంగా కనిపిస్తుంది. ఒక గదిలో రెండు తెలుపులు ఉండవు.

ఆయన పక్కన కూర్చుని మెల్లగా అన్నాను. "సార్, ఒక్కసారి కళ్ల డాక్టర్‌కు చూపిద్దాం. నేను గూడ వస్త."

ఆయన నా వైపు తిరగకుండానే అన్నారు.

"శైలజా, రేపు ఇంకో కంపెనీ అతన్ని పిలిపించమ్మా. ఇతనికి పని తెలిసినట్టు లేదు."

ఆ ఇంకొకతను వచ్చి, అడిగినట్టే నీలం పెంచి వెళ్లాడట. మర్నాడు కిరణ్ తలుపు తీస్తూనే తెరంతా నీలంగా ఉందన్నాడు. లేదని మూర్తి గారన్నారు. మాటా మాటా పెరిగింది. సాయంత్రానికి సినిమా హార్డ్‌డిస్కులన్నీ వేరే ల్యాబుకు వెళ్లిపోయాయి. నాలుగు రోజులు పోయాక ఓనర్ మూర్తి గారికి చాలా మర్యాదగా "కొన్నాళ్లు రెస్ట్ తీసుకోండి" అని చెప్పాడు.

వానలు పడుతుండగా ఆయన ఫోన్ చేశారు. కుడికంటికి ఆపరేషన్ అయిందట. "ల్యాబుకు ఒకసారి రాగలవా? ప్రోబ్ వద్దులే. ఊరికే రా."

ఆ మధ్యాహ్నం గది ఖాళీగా ఉంటే శైలజ తాళం తీసిచ్చింది. తనకు బాగా పేరు తెచ్చిన సినిమా ఒకటి మూర్తి గారు తెర మీద పెట్టుకున్నారు. అరచేత్తో ఒక కన్ను మూశారు. తర్వాత రెండోది. మళ్లీ మొదటిది.

"పాత కంటితో చూస్తే బాగానే ఉందయ్యా. కొత్త కంటితో చూస్తే శవాల గదిలా ఉంది."

"జనం మంచిగుందనే అన్నరు గద సార్."

"అన్నారు. హీరోయిన్ మొహం నీలంగా ఉందేమిటని ఒక్కడైనా అడగొద్దటయ్యా?" మళ్లీ తనే అన్నారు. "అడగనిచ్చానా అసలు?"

రెండో కంటి ఆపరేషన్ కూడా అయ్యాక బోరబండలో మా ఇంటికి ఆటోలో వచ్చారు. రంగుల చూపు పరీక్షించే బిళ్లల పెట్టె ఒకటి ఉంటుంది. ఒకదానిలో ఒకటి కలిసిపోయేంత దగ్గరి రంగులున్న బిళ్లలను వరుసగా పేర్చాలి. అది పెట్టమని ఆయనే అడిగారు. కిటికీ పక్కన కూర్చుని, పరీక్ష రాసే పిల్లాడిలా నోరు బిగించి పేర్చారు.

"ఎలా ఉంది?"

"ఒక్కటి గూడ తప్పు లేదు సార్."

ఆయన బిళ్లలను ఒక్కొక్కటిగా పెట్టెలో సర్దారు. "ఇలాంటి పెట్టె ఉందని ఇన్నేళ్లుగా తెలుసయ్యా. కొత్తగా చేరే పిల్లల కోసమనుకున్నాను." తర్వాత అడిగారు. "ఇప్పుడిది ఎవరికి చూపించను?"

అప్పటికే ఆయన మూడు ల్యాబులకు వెళ్లొచ్చారు. ఫోన్ చేస్తామన్నారట. ఆయన కుర్చీలో ఇప్పుడు ముప్పై దాటని కుర్రాడున్నాడు. నిర్మాతలు వచ్చి మూర్తి గారి నీలం కావాలంటే బటన్ నొక్కి ఇస్తున్నాడు.

కొత్తవి నేర్చుకుంటూ ఉంటే ఈ రంగంలో నిలబడతామని కుర్రాళ్లకు అందరూ చెబుతారు. మూర్తి గారు అంతా నేర్చుకున్నారు. తనను ఎవరైనా కొలవడం మాత్రం ఒప్పుకోలేదు. ఇప్పుడు ఏటా నేనూ ఆ బిళ్లలు పేర్చి, మార్కులు నా తప్పు దాచిపెట్టని, శత్రువులాంటి ఒక తోటి ఇంజినీరు చేత వేయించుకుంటున్నాను. సాఫ్ట్‌వేర్ పాతబడితే కంపెనీ కబురు పెడుతుంది. కళ్లు పాతబడితే చెప్పేది పక్కనున్న మనిషే. ఆ మనిషిని పంపించేస్తే ఇక ఏ కబురూ రాదు.