కాక రెండుసార్లు కట్టిన బండి

ఎదురింటి కాక పోయిన సంగతి అక్క ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను సంగారెడ్డి కలెక్టరేట్‌లో ఒక సమావేశం ఎప్పుడు ముగుస్తుందా అని వార్త కోసం బయట నిలబడి ఉన్నాను. "తమ్మీ, కాక లేడు ఇగ" అంది. పొద్దున స్నానం చేసి వరండాలో కూర్చున్నాడట. కాఫీ చల్లారిపోతోందని చిన్నమ్మ, అంటే ఆయన భార్య, లోపల్నించి పిలిస్తే పలకలేదట. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. వయసు డెబ్బై నాలుగు.

ఆయన గురించి పేపర్లో ఏమీ రాలేదు. వార్త రావడానికి కావలసిన పదవి ఏదీ ఆయనకు లేదు. మా ఇంటికి ఆయన చేసిన ఒక పనిని మాత్రం నేను మొదటి నుంచి చివరిదాకా దగ్గరుండి చూశాను. చూసినంత వరకు రాస్తాను.

ఆయన కోస్తా నుంచి ఉద్యోగం కోసం ఇటు వచ్చినవాడు. పటాన్‌చెరు వైపు ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో రేకుల పని విభాగంలో ముప్పై మూడేళ్ళు చేసి రిటైరయ్యాడు. పోతిరెడ్డిపల్లిలో అక్క, బావ, నేను ఉండే మా ఇంటి ఎదురుగా ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం రోజు మా అక్క "కాకా" అని పిలిచింది. "బాబాయ్ అనమ్మాయ్. కాకా అంటే మా వైపు రోడ్డు పక్క హోటలాయన్ని పిలిచినట్టుంటుంది" అన్నాడు. "మా దిక్కు గిట్లనే పిలుస్తం. నీకు మనసైతే పలుకు" అంది అక్క. పలికాడు. ఆ తర్వాత వీధి వీధంతా ఆయన్ని కాక అనే పిలిచింది.

రోజూ పేపరు పెన్సిల్ పట్టుకుని చదివేవాడు. నా వార్తల్లో ఆయనకు నచ్చని మాట చుట్టూ సున్నా చుట్టి, సాయంత్రం గేటు దగ్గర నన్ను ఆపేవాడు.

"ఏవండీ విలేకరి గారూ, లక్డారం రోడ్డు మీద పెద్ద గుంత అని రాశారు. పెద్ద అంటే ఎంతండీ? జానెడా, మూరెడా?"

"నేను చూసిన కాకా. పెద్దదే."

"మీరు చూశారండీ. నేను చూడలేదు కదా. నాకు చెప్పండి మరి."

నవ్వుతూనే అనేవాడు. కానీ సమాధానం చెప్పేదాకా గేటు మీద నుంచి చెయ్యి తీసేవాడు కాదు. ఆ తర్వాత నా బ్యాగులో కొలతలు తీసే టేపు ఒకటి చేరింది. ఇప్పటికీ ఉంది.

ఇక బండి సంగతి. మా అక్క పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీకి మధ్యాహ్నం భోజనాలు వండి తీసుకెళ్తుంది. అందుకని బావ ఒక పాత పికప్ కొన్నాడు. షుగర్ వల్ల బావకు చూపు మందగించాక అక్కే డ్రైవింగ్ నేర్చుకుని ఆ బండి నడుపుతోంది. మూడేళ్ళ క్రితం వేసవికి ఇంజను బాగానే ఉంది గానీ, వెనక తొట్టి అడుగు తుప్పు పట్టిపోయింది. అన్నం వండిన పెద్ద గిన్నెలు, అదే గంజులు, సాంబారు డబ్బాలు, మజ్జిగ క్యాన్లు, రోజూ ఎంతో కొంత ఒలికేది. ఉప్పూ చింతపండూ కలిసిన ఆ తడి ఏళ్ళ తరబడి రేకును తినేసింది. ఒకచోట కింద రోడ్డు కనిపించేది. అక్క అక్కడ ఒక పీట వేసి నడిపించింది.

అదే సమయంలో బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు దగ్గరపడింది. ఆ ఫ్యాక్టరీని ఏటా వేసవిలో పన్నెండు రోజులు మూసేస్తారు. మళ్ళీ తెరిచిన రోజు కొత్త ఫిట్‌నెస్ కాగితం ఉన్న బండినే లోపలికి రానిస్తామని, లేకపోతే భోజనాల ఆర్డరు వేరేవాళ్ళకు ఇస్తామని గేటు దగ్గర చెప్పారు. అక్క ఇల్లు నడిచేది ఆ ఆర్డరు మీదే.

హైవే పక్క షాపులో అడిగితే రెండు రోజుల్లో పుట్టీ పెట్టి, రంగు కొట్టి ఇస్తామన్నారు. నాకు అదే మంచిదనిపించింది. ఫ్యాక్టరీ మూసిన మొదటి రోజు, బండి తీసుకుపోదామనుకున్న పొద్దున, కాక ఒక చిన్న సుత్తి, సుద్దముక్క పట్టుకుని వీధి దాటి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. తొట్టి చుట్టూ తిరుగుతూ జానెడు జానెడు దూరంలో సుత్తితో తట్టాడు. ఒకచోట ఖంగుమంది, ఒకచోట మూగగా ఉంది. మూగగా ఉన్న ప్రతిచోటా సుద్దతో గీత గీశాడు.

"ఇదిగోనండి, ఇక్కడిదాకా ఇనుము. ఇక్కణ్ణుంచి అంతా పాత పుట్టీ, మీ నమ్మకం" అన్నాడు నాతో. అక్క వైపు తిరిగి, "అమ్మాయ్, నీ సాంబారు సగం వర్కర్లు తాగారు, సగం బండి తాగింది" అన్నాడు.

"మరి బండి ఎన్నడు బాగలేదనలేదు కాకా" అంది అక్క.

అలా బండి ఆయన దొడ్లోకి చేరింది. చిన్నమ్మ వంటింట్లోంచి అంది: "అడగనే అడగరు. నా బట్టల దండెం కింద లారీ పెట్టుకున్నారు."

"లారీ కాదే, పికప్పు."

"నాకు రెండూ ఒకటే. రెండూ దారికి అడ్డమే."

పదిరోజులు ఆ దొడ్లో జరిగిన పని నాకు బాగా గుర్తుంది. ఆఫీసు లేని వేళల్లో నేను ఆయనకు గ్రైండరు అందించేవాణ్ణి, రేకు పట్టుకునేవాణ్ణి. తుప్పు పట్టిన ముక్కను కోసే ముందు దాని కొలత గోడ మీద పెన్సిల్‌తో రాసుకునేవాడు. కోసిన ముక్కను పారేసేవాడు కాదు, కొత్త ముక్క సరిగ్గా కూర్చునేదాకా పక్కనే ఉంచుకునేవాడు. వెల్డింగ్ మొదలుపెట్టగానే ఇంట్లో ఫ్యాను నెమ్మదించేది. "పచ్చడికి మిక్సీ వెయ్యాలి, ఆపండి" అని చిన్నమ్మ కేకేసేది. ఆపేవాడు. బావ పక్కనే స్టూలు వేసుకుని, ఆరిన అతుకుల మీద బొటనవేలు నడిపించి చూసేవాడు. "గీడ జెర గరుకున్నది కాకా" అంటే, కాక వెళ్ళి ఆ చోటును మళ్ళీ అరగదీసేవాడు. తన కళ్ళజోడు కంటే బావ వేలికే ఎక్కువ కనిపిస్తోందని ఒప్పుకున్నాడు.

తొట్టిని మోసే పాత అడ్డపట్టీలు కూడా తుప్పు పట్టిపోయాయి. బండి కింది చట్రం, అంటే ఛాసిస్ మీద కొత్తవి వేశాడు. ప్రతి పట్టీ మీదా రసమట్టం పెట్టి, అందులో గాలిబుడగ సరిగ్గా మధ్యకు వచ్చేదాకా కింద రేకుముక్కలు సర్ది, అప్పుడే అతికాడు. దాని మీద కొత్త అడుగు, పక్కలు, వెనక తలుపు. ఎర్ర ప్రైమరు కూడా వేశాం. ఇక రంగు ఒక్కటే మిగిలింది.

పదోరోజు సాయంత్రం బండిని వీధిలోకి తీశాం. అక్క సంతోషంగా ఒక పెద్ద గంజు తెచ్చి తొట్టిలో పెట్టి, కడిగి చూద్దామని నిండా నీళ్ళు పోసింది. పోసి, అలాగే వంగి చూస్తూ నిలబడింది.

"కాకా, జెర ఇటు రా. నీళ్ళు ఎడమ దిక్కు అంచుకొచ్చినయ్. గా దిక్కేమో తక్కువున్నయ్."

"రోడ్డు వాలుందేమో" అన్నాను నేను.

కాక బండిని ఎదురు ముఖంగా తిప్పి అదేచోట నిలపమన్నాడు. రోడ్డుది తప్పయితే ఈసారి నీళ్ళు బండి కుడివైపుకు రావాలి. రాలేదు. మళ్ళీ ఎడమవైపుకే వచ్చాయి.

ఆయన దొడ్లోకి వెళ్ళాడు. ఒక చెంబెడు నీళ్ళు నేల మీద పోసి, అవి ఎటు పోతాయో చూశాడు. నీళ్ళు సాఫీగా కాలువ వైపు వెళ్ళిపోయాయి. వాననీళ్ళు నిలవకుండా ఆ నేలను వాలుగా పోయించింది ఆయనే. పది రోజులుగా బండి కుడిపక్క ఆ పల్లంలో ఉంది. ఆ పక్కను రసమట్టం చెప్పినంత ఎత్తు పెంచి కట్టాడు. చదునైన చోటికి రాగానే ఆ పెంచిన ఎత్తే మిగిలింది. ఛాసిస్ నుంచి నేనే టేపుతో కొలిచాను. రెండు పక్కలకూ తేడా ఒకటిన్నర అంగుళం.

ముప్పై మూడేళ్ళు ఆయన పనిచేసింది నున్నగా చదును చేసిన కర్మాగారం నేల మీద. అక్కడ నేలను అనుమానించే అవసరం ఎవరికీ రాదు.

నేను ఆయన్ని పక్కకు పిలిచాను. ఫిట్‌నెస్ పరీక్ష ఎల్లుండి పొద్దున. ఆ మర్నాడే ఫ్యాక్టరీ తెరుస్తారు. "ఒదిలేద్దాం కాకా. ఒకటిన్నర అంగుళం ఎవరికి తెలుస్తది? నీకు, నాకు తప్ప."

"మీ అక్కకు తెలిసిందిగా" అన్నాడు.

చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, ఆ తువ్వాలు చేతిలోనే పట్టుకుని వీధి దాటి అక్క వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అమ్మాయ్, తప్పు నాది. నేల చూసుకోకుండా కట్టాను. అలాగే ఉంచితే నువ్వు కడిగిన నీళ్ళు ఎప్పుడూ ఎడమ మూలకే చేరి, ఆ మూల మళ్ళీ తింటుంది. రేపు పొద్దున కోస్తే సాయంత్రానికి అతికెయ్యొచ్చు. అతకలేకపోతే పరీక్ష తప్పుతుంది, నీ ఆర్డరు పోతుంది. కోయమంటావా, వద్దంటావా, నువ్వు చెప్పు."

"గంతదానికి గట్ల నిలవడ్డవేంది కాకా. లోపలికి రా, చాయ్ తాగు."

"చాయ్ తర్వాత. ముందు చెప్పు."

అక్క స్టవ్ ఆపింది. బావ వైపు చూసింది. తన పని పోతుందేమోనన్న భయం ఆమె ముఖంలో నాకు తెలుస్తూనే ఉంది. చివరికి అంది:

"రోజూ వంకర బండి మీద గంజులు జారుతయేమోనని ఎనకకు సూసుకుంట నడపుడు నాతోని గాదు. కొయ్యి కాకా."

మర్నాడు పొద్దున ఆరింటికి గ్రైండరు మోగింది. నేను సెలవు పెట్టాను. ఈసారి ఆయన రసమట్టం బయటికి తీయలేదు. ఛాసిస్ నుంచి ప్రతి పట్టీకీ రెండు పక్కలా స్టీలు స్కేలుతో కొలిచాడు. ఒకసారి ఆయన కొలిచి, రెండోసారి నాతో కొలిపించి, నేను పైకి చదివితే తను రాసుకున్నదానితో సరిచూసుకునేవాడు. రెండు అంకెలూ కలిస్తేనే అతికేవాడు. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. చిన్నమ్మ మజ్జిగ తెచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడింది. ఆ రోజు మిక్సీ మోత వినపడలేదు. లోపల రోట్లో పచ్చడి నూరుతున్న చప్పుడు వచ్చింది.

నాలుగింటికి కూడా ఒక పట్టీ మిగిలే ఉంది. అక్క గేటు దగ్గర నిలబడి చూసి వెళ్ళేది. అలా నాలుగైదుసార్లు వచ్చింది. ఐదున్నరకు చివరి అతుకు పడింది. బండిని వీధిలోకి తీసి, అక్క మళ్ళీ గంజు పెట్టి నీళ్ళు పోసింది. చుట్టూ వంగి చూసింది. "సమం" అంది. కాక అక్కడే అరుగు మీద కూర్చుని, "ఇప్పుడియ్యి చాయ్" అన్నాడు.

రాత్రి కొట్టిన రంగు పూర్తిగా ఆరకుండానే ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్ళాం. ఇన్‌స్పెక్టరు బ్రేకులు చూశాడు, లైట్లు చూశాడు, నంబర్లు సరిచూశాడు. తొట్టి లోపలికి చూడనే లేదు. కాగితం వచ్చింది. నేను ఇంటికి రాగానే ఆ మాట కాకతో కాస్త నిష్ఠూరంగా చెప్పాను.

"చూడలేదా? పోనీలెండి. బ్రేకులు చూశాడు కదా, అదే ముఖ్యం" అన్నాడు.

ఆ మర్నాడు పదకొండున్నరకు అక్క బండి ఫ్యాక్టరీకి బయలుదేరింది. ఇప్పటికీ అదే బండి, అదే ఆర్డరు.

ఆ వేసవి తర్వాత నేను ఒక పని మొదలుపెట్టాను. వార్తలో నా తప్పు దొర్లితే, ఎవరికైతే నష్టం జరిగిందో వాళ్ళింటికి ముందుగా నేనే వెళ్ళి చెప్పడం. సవరణ పేపర్లో తర్వాత వస్తుంది. మొదటిసారి వెలిమెలలో ఒక రైతు గుమ్మం ముందు నిలబడినప్పుడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాక ఆ రోజు తువ్వాలు ఎందుకు అంతసేపు పట్టుకున్నాడో అప్పుడు అర్థమైంది. ఈ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే, "ఎన్ని తప్పులండీ, అంకె చెప్పండి" అనేవాడు.

నెల మాసికం అయిన మర్నాడు చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. అక్క గంజులు ఎక్కిస్తుంటే కాసేపు చూసి, "ఆయన చేసిన బండి ఎక్కడికెళ్తుందో నేనెప్పుడూ చూడలేదమ్మాయ్. నన్నూ తీసుకెళ్తావా?" అంది. అక్క ముందు సీటు తుడిచి ఆమెను ఎక్కించింది. నేను వెనక గంజుల మధ్య కూర్చున్నాను.

ఫ్యాక్టరీ దగ్గర రేకుల షెడ్డు కింద వర్కర్లు ప్లేట్లు పట్టుకుని వరుస కట్టారు. తెలుగు, హిందీ, ఒడియా అన్నీ కలిసిపోయిన మాటలు. చిన్నమ్మ సీటు దిగి, తొట్టి పక్కన నిలబడింది. అక్క కూర్చోమని కుర్చీ తెప్పించింది. కూర్చోలేదు. ఒంటిగంట ఎండకు తొట్టి అంచు కాలిపోతోంది. ఆమె కొంగు నాలుగు మడతలు వేసి ఆ అంచు మీద పరిచి, దాని మీద అరచేయి ఆనించింది. ఆఖరి మనిషి తిని ప్లేటు కడుక్కునేదాకా అలాగే నిలబడింది.