బదులుకొచ్చిన గోల్‌కీపర్

బెంగళూరు ఫుట్‌బాల్ క్లబ్బులో నేను మూడో కీపర్ని. మొదటామెకు దెబ్బ తగిలితే రెండో ఆమె ఆడాల, రెండో ఆమెకూ తగిలితే నేను. సీజనంతా ఇద్దరిలో ఎవరికీ ఏమీ కాలేదు. రోజూ ప్రాక్టీసులో వాళ్లతో సమానంగా మట్టిలో పొర్లి, మ్యాచ్ రోజు మాత్రం శుభ్రమైన బట్టలతో బెంచి మీద కూర్చుని, అవే బట్టలతో హాస్టల్‌కు వచ్చేదాన్ని. అప్పటికి నాకు ఇరవై ఏండ్లు.

సీజన్ అయినాక మేనేజరు పిలిచినాడు. మీ పావగడలోనే కొత్తగా ఆడపిల్లల టీం పెట్టినారంట, ఆర్నెల్లు నిన్ను వాళ్లకు లోన్ మీద ఇస్తున్నాము, అక్కడ మ్యాచులు ఆడి చెయ్యి తిప్పుకొని రా అన్నాడు. నాకు సంతోషమే అయింది. సొంత తాలూకా, కొత్త టీం. అక్కడ నాకు ఎదురెవరుంటారు అనుకున్నాను.

మాది వల్లూరు. ఒకప్పుడు చెనక్కాయ పండిన మా చేను ఇప్పుడు సోలార్ కరెంటు ప్యానెళ్ల కింద ఉండాది. మా నాయన ఆ ప్యానెళ్లకే గేటు దగ్గర సెక్యూరిటీ. నేను బ్యాగుతో దిగేసరికి యూనిఫాంలోనే అన్నం తింటా ఉండె.

"లోనంటే ఏంది పాపా?" అన్నాడు.

"నేను ఆ క్లబ్బు మనిషినే నాయనా. ఆర్నెల్లు ఈ క్లబ్బుకు ఆడతాను."

"అట్లనా. బదులుకిచ్చినారు. మడక బదులిచ్చినట్ల."

"ఆ, అట్లాంటిదే."

"బదులు తెచ్చుకున్న మడకను ఎవరూ మూలన పెట్టరులే. ముందు దాంతోనే దున్నుతారు. నిన్ను బాగా ఆడిస్తారు" అన్నాడు.

టీం పెట్టింది పావగడ హైస్కూల్లో పీటీ సారుగా రిటైరైన ఒక పెద్దాయన. గ్రౌండు మా ఊరికీ క్యాతగానచెర్లుకూ మధ్య, ప్యానెళ్ల కంచె బయట చదును చేసిన బీడు. గడ్డి పేరుకు కూడా లేదు. పడితే మోచెయ్యి గీసుకుపోవాల్సిందే. మొదటి రోజు నేను పోయేసరికి గోల్ ముందర ఒక పిల్ల నిలబడి ఉంది. పద్దెనిమిదేండ్లుంటాయేమో. సన్నంగా, పొడుగ్గా, చేతులు మోకాళ్ల దాకా ఉన్నట్టు కనిపించింది. చేతికి వేసుకున్నవి కీపర్ గ్లౌజులు కావు. ప్యానెళ్లు కడిగే కూలీలకిచ్చే నీలం రబ్బరు గ్లౌజులు. వాళ్లమ్మవంట.

సారు పరిచయం చేసినాడు. "ఇది మంగళవాడ పిల్ల. గొర్లు మేపుకునే ఇంటోళ్లు. నేర్పినోళ్లు ఎవరూ లేరు, దానంతటదే నేర్చుకునింది. నువ్వు దీనికి అక్క మాదిరి చూసుకోవల్ల."

నేను నవ్వినాను. ఆ గ్లౌజులు చూసే నవ్వినాను. ఎనిమిదేండ్లు స్పోర్ట్స్ హాస్టల్లో ఉండి, ఎట్ల దూకాల, ఎట్ల పడాల, బంతి వచ్చే ముందు మడమ ఎంత ఎత్తు లేపాల అని ఒక్కొక్కటీ నేర్చుకున్నదాన్ని నేను. తరువాత అరగంట సేపు ఆ పిల్ల మీదికి టీం అంతా వరసగా బంతులు కొట్టినారు. ఆ పిల్ల వాటిని పట్టుకుంటా ఉంటే నా మొఖంలో నవ్వు తగ్గిపోతూ వచ్చింది. దూకడం సరిగా రాదు. నిలబడే తీరూ తప్పే. కానీ బంతి యాడికొస్తే ఆడ ఆ పిల్ల చేతులు ముందే ఉండాయి. అది నేర్పితే వచ్చేది కాదు. హాస్టల్లో మా కోచ్ ఒకసారి నాతో అన్నాడు, నీకు అన్నీ ఉన్నాయి, ఆ ఒక్కటి తక్కువ అని. ఆ ఒక్కటి ఎట్లుంటుందో నేను ఆ రోజు కళ్లారా చూసినాను.

మొదటి మ్యాచ్‌కు ఆ పిల్లనే పెట్టినాడు సారు. నేను అలవాటు పడాలని కాబోలు అనుకున్నాను. రెండో మ్యాచ్‌కూ ఆ పిల్లే. మూడో మ్యాచ్ ముందు రోజు నేనే అడిగినాను.

"సార్, నన్ను ఆడించేకి కదా తెప్పించుకునింది?"

ఆయన విజిల్ దారం వేలికి చుట్టుకున్నాడు. తరువాత అన్నాడు. "చూడు తల్లీ, ఉన్న మాట చెప్తా. నువ్వు బాగానే ఆడతావు. కానీ ఆర్నెల్లకు పోయేదానివి. నేను నిన్ను తయారుచేస్తే బెంగళూరోళ్లకు పని జరుగుతాది. దీన్ని తయారుచేస్తే నా టీం నిలబడతాది. నువ్వుంటే దీనికి పోటీ ఉంటాది, కుదురుగా ఆడతాది. అందుకే అడిగి తెప్పించుకున్నా."

అంటే నన్ను తెప్పించింది ఆ పిల్ల కోసం. ఇంటికి పోయి ఆ మాట ఎవరితోనూ చెప్పలేదు.

మరుసటి రోజు మ్యాచ్ మా గ్రౌండులోనే జరిగింది. మా అమ్మ పని మాని నన్ను చూడటానికి వచ్చింది. నేను బెంచి మీద ఉంటే నా వెనకాలే కంచె పట్టుకుని నిలబడింది. మంగళవాడ పిల్ల ఒక బంతిని గాల్లో వెనక్కి వాలి వేలి కొసతో తోసేసింది. అందరూ చప్పట్లు కొట్టినారు. వెనక నుంచి మా అమ్మ గొంతు వినిపించింది.

"ఆ పిల్ల బాగా పట్టుకుంటాదే."

తను ఏం అనిందో ఆమెకు వెంటనే తెలిసింది. "నువ్వైనా పట్టుకునేదానివే" అని కలిపింది. ఆ రెండో మాట మొదటి మాట కంటే ఎక్కువ మండింది నాకు.

ఆ పొద్దు నుంచి నేను ఆ పిల్ల తప్పులు ఏరడం మొదలుపెట్టినాను. పేలు చూసినట్టు చూసేదాన్ని. ఎట్ల నిలబడుతుంది, బంతి పట్టుకున్నాక ఎవరి వైపు విసురుతుంది, ఎప్పుడు అలసిపోతుంది. తను నా పక్కనే కూర్చుని, వాళ్లమ్మ కట్టిచ్చిన రాగిముద్ద విప్పి, సగం తుంచి నాకు పెట్టేది. తీసుకుని తినేదాన్ని. నా బ్యాగులో రెండు జతల మంచి గ్లౌజులు ఉండేవి. ఒక జత అస్సలు వాడింది కాదు. ఆ పిల్ల రబ్బరు గ్లౌజులు చిరిగి, దారంతో కుట్టుకుని వేసుకుంటా ఉన్నా, నేను ఆ జత బయటికి తీయలేదు.

చివరికి ఒక తప్పు దొరికింది. ఎడమ పక్క నేలబారుగా బంతి వస్తే, ఎడమ కాలితో అడుగేసి దూకాల్సింది పోయి ఆ పిల్ల కుడి కాలిని అడ్డంగా వేసేది. కాళ్లు రెండూ పెనవేసుకునేవి. అవి విడిపించుకునే లోపల బంతి దాటిపోతుంది. మా టీంలో ఆ మూలకు గట్టిగా కొట్టగలిగినోళ్లు లేరు కాబట్టి ఎవరి కంటా పడలేదు. సారు కంట కూడా పడలేదు.

నేను చెప్పలేదు.

తుమకూరు టీంతో మ్యాచ్ రెండు రోజులుందనగా ఫోన్ వచ్చింది. హాస్టల్లో నాతో ఒకే రూములో ఉన్న స్నేహితురాలు. ఇప్పుడు ఆ టీంలో ముందు వరుసలో ఆడతా ఉంది. కన్నడంలో కులాసా కబుర్లన్నీ అయినాక అడిగింది.

"గోల్‌లో నువ్వేనా?"

"నేను కాదు."

"అయ్యో. మరి ఉండే పిల్ల ఎట్ల ఆడుతుంది?"

అప్పుడు నేను మా ఇంటి ముందర మెట్టు మీద కూర్చుని ఉన్నాను. లోపల అమ్మ చెనక్కాయలు వేయిస్తా ఉంది. బాగా ఆడుతుంది అని ఒక్క మాట చెప్పి ఊరుకోవచ్చు. అది అబద్ధమూ కాదు.

"దాని ఎడమ పక్క, కింద కొట్టు" అన్నాను. "ఆ పక్క కాళ్లు తడబడతాయి."

మ్యాచ్‌లో రెండు గోల్స్ పడినాయి. రెండూ ఎడమ పక్క కిందనే. రెండోది పడినప్పుడు ఆ పిల్ల నేల మీద అట్లే పడుకుండిపోయింది. లేచి తన కాళ్ల వైపు చూసుకుంది, అవి తనవి కావన్నట్టు. నాకు బాధ కలిగిందని రాస్తే బాగుంటుంది. కానీ కలగలేదు. వేసవిలో చల్ల తాగినట్టు కడుపులోకి ఏదో చల్లగా దిగింది. మా స్నేహితురాలు దూరం నుంచి నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసింది. నేను తల తిప్పుకున్నాను.

మరుసటి మ్యాచ్‌కు సారు నన్ను పెట్టినాడు. ఆ తరువాత మరో మూడు ఆడినాను. రెండు గెలిచినాము, ఒకటి సమానం, ఒకటి ఓడిపోయినాము. బాగానే ఆడినాను. నాయన డ్యూటీ మార్చుకుని వచ్చి చూసినాడు. నాకు సంతోషంగానే ఉండేది, దాంట్లో దాచేది లేదు. ఆ పిల్ల మాత్రం బెంచి మీద కూర్చునేది కాదు. నా గోల్ వెనక నిలబడి, "అక్కా, కుడి పక్క పది నంబరు ఒంటరిగా ఉండాది", "అక్కా, ఎండ కంట్లో పడతాది, రెండడుగులు ముందుకు రా" అని చెప్తా ఉండేది. చెప్పినవన్నీ నిజమే అయ్యేవి. అట్ల ఒక గోల్ ఆగింది కూడా. చప్పట్లు నాకు పడినాయి.

ఒకరోజు ప్రాక్టీసు అయినాక నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, నాకు ఎడమ పక్క నేర్పిస్తావా? యాడో తప్పు చేస్తాండాను, నాకు తెలీడం లేదు."

ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. మంచితనం కాదు. సారు దూరంగా నిలబడి వింటా ఉన్నాడు, అదొకటి. నాకు తెలిసింది ఆ పిల్లకు తెలియదు అనే గర్వం ఇంకొకటి. మూడు వారాలు నేర్పించినాను. నేల మీద సున్నంతో రెండు గీతలు గీసి, ముందు ఎడమ కాలు దీని మీద, తరువాతే దూకు అని వందలసార్లు చేయించినాను. నేర్పడం మొదలుపెట్టినాక మాత్రం దొంగతనం చేయలేదు. నాకొచ్చింది వచ్చినట్టు చెప్పినాను. నాకు ఒక ఏడాది పట్టిన పని ఆ పిల్లకు ఇరవై రోజుల్లో వచ్చేసింది. అది చూడటం కూడా కష్టమే అయింది.

సీజన్‌లో ఇంకా నాలుగు మ్యాచులు ఉన్నాయి. సారు పేర్లు చదివినాడు. కీపరు ఆ పిల్లే.

అందరూ పోయినాక గ్రౌండులో మేమిద్దరమే మిగిలినాము. తను వలలు విప్పుతా ఉంది. నాకు ఒళ్లంతా మంట. ఏదో ఒకటి అని ఆ పిల్లను ఏడిపించాలనిపించింది. దగ్గరికి పోయి అన్నాను.

"తుమకూరోళ్లకు నీ ఎడమ పక్క సంగతి చెప్పింది నేనే."

తను వల ముడి విప్పుతానే ఉంది. "తెలుసక్కా" అనింది.

"ఎట్ల తెలుసు?"

"ఆ గోల్స్ కొట్టిన అక్కే, మ్యాచ్ అయినాక చెయ్యి కలిపేటప్పుడు చెప్పింది. మీ టీంలోనే చెప్పినోళ్లు ఉండారు, చూసుకో అనింది. మన టీంలో ఆమెకు తెలిసింది నువ్వొక్కదానివే కదా."

"తెలిసీ నన్నే నేర్పించమన్నావా?"

ముడి విడిపోయింది. వలను చేతికి చుట్టుకుంటా, నా మొఖం చూసి అనింది. "ఇంకెవురినడగల్ల అక్కా? సారుకు కూడా కనపడలేదు. తప్పు యాడుండాదో కనిపెట్టింది నువ్వే కదా."

కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది, జవాబుగా నేనూ నాలుగు తిట్టి ఉందును. తను వల భుజాన వేసుకుని, "పోదాం పా అక్కా, బస్సు వచ్చే పొద్దయింది" అనింది. ఇద్దరమూ రోడ్డు దాకా నడిచినాము. అప్పటిదాకా ఆ పిల్ల చేతుల మీదే నాకు అసూయ. ఆ పొద్దు నుంచి మనసు మీద కూడా పడింది. అది కూడా ఆ పిల్లకే దొరికింది కదా అనిపించింది.

బస్సు దూరంలో కనిపించినప్పుడు బ్యాగులోంచి ఆ వాడని గ్లౌజులు తీసి ఇచ్చినాను. క్షమించమని అడగలేదు. తను వాటిని వాసన చూసి, "కొత్తవి" అని నవ్వింది.

ఆర్నెల్లు అయినాయి. బెంగళూరు క్లబ్బు నా కాంట్రాక్టు పొడిగించలేదు. ఎన్ని మ్యాచులు ఆడినావు అని అడిగితే నాలుగు అని చెప్పాల్సి వచ్చింది. నా ఆట చూడటానికని ఒకసారి వచ్చిపోయిన వాళ్ల మనిషి ఆ రోజు గోల్‌లో చూసింది మంగళవాడ పిల్లను. మరుసటి ఏడు ఆ పిల్లను తీసుకున్నారు. ముందు మూడో కీపరుగా, ఇప్పుడు మొదటి కీపరు.

నేను డిగ్రీ ముగించి, ట్రైనింగు చేసి, పావగడలో ఒక ప్రైవేటు స్కూల్లో పీటీ టీచరుగా చేరినాను. పోయిన ఏడు మా స్కూలు ఆటల పోటీలకు ముఖ్య అతిథిగా ఆ పిల్లనే పిలిచినారు. పిలిచింది హెడ్మాస్టరు, నేను కాదు. కారు దిగుతానే నేరుగా నా దగ్గరికి వచ్చి కాళ్లకు దండం పెట్టబోయింది. పట్టుకుని ఆపినాను. మైకులో, మీ టీచర్ దగ్గరే నేను నేర్చుకున్నాను అని చెప్పింది. నేను పేరు పెట్టి పిలిచినా ఎప్పుడూ రాని ఆడపిల్లలు ఆమె చుట్టూ మూగినారు. వాళ్లలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి అడిగింది.

"మీ ఇద్దరిలో ఎవరు బాగా ఆడేటోళ్లు మేడం?"

తను నా వైపు చూసింది. ఏదో మర్యాద మాట వెతుకుతా ఉందని తెలిసింది. అది నోట్లోంచి రాకముందే నేను చెప్పినాను.

"ఈమే."

చెప్పేస్తే బరువు దిగుతుందేమో అనుకున్నాను. దిగలేదు. పిల్లలు మళ్లీ ఆమె వైపు తిరిగినారు. లాంగ్ జంప్ పోటీకి టైమయిందని నేను ఇసుక గుంత వైపు నడిచినాను.