కుళాయి సిస్టరు

ఆవిడ అసలు పేరు ఆసుపత్రిలో ఎవరికీ గుర్తు లేదు. అందరికీ కుళాయి సిస్టరే. జబ్బు ముదిరిందని డాక్టరు చెప్పగానే ఇంటివాళ్లు వరండాలో కూలబడి ఏడ్చేవాళ్లు. ఈవిడ వాళ్ల రెక్క పట్టుకుని చివరనున్న కుళాయి దగ్గరికి లాక్కుపోయేది.

"ముందు మొహం కడుక్కోండి. నవ్వుతూ లోపలికెళ్లండి. ఆయనకి ఒక్క ముక్క తెలియకూడదు."

నిజం చెబితే రోగి గుండె జారిపోతుందని అప్పట్లో అందరి నమ్మకం. డాక్టరు చెప్పేది ఇంటి పెద్దకి, మందు మింగేది మాత్రం రోగి.

ఆ రోజులంటే ఆవిడకి ఇప్పటికీ ప్రాణం. ఫినాయిలు వాసన, ఇనప మంచాల కిర్రుకిర్రు, డ్యూటీ మధ్యలో పంచుకున్న టీ. ఆ వార్డులోనే ఓ వడ్రంగి రోగిగా ఉండేవాడు. తడి మొహంతో వచ్చిన భార్యని చూసి, "ఏంటే, బయట వాన పడుతోందా?" అన్నాడు. ఆ జోకు చెప్పి సిస్టరు ఏళ్ల తరబడి అందరినీ నవ్వించింది.

ఇప్పుడు అదే వార్డులో, కిటికీ పక్క మంచం మీద ఆవిడే ఉంది. ఒకసారి కడుపు కోసి కుట్టారు. ఇందాక డాక్టరు ఆవిడ భర్తని బయటికి పిలిచాడు. ఎందుకు పిలుస్తారో ఆవిడకి తెలియనిదా? మళ్లీ కొయ్యాలా, ఇంటికి తీసుకెళ్తారా అని అడగడానికి. ఆవిడకి ఇంక కత్తి వద్దు. తన వంటింటి చప్పుళ్లు వింటూ తన మంచం మీద పడుకోవాలని ఉంది. కానీ అడిగే నాథుడేడీ?

ఆ నాథుడు బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. పొద్దున్నే ఒక్కసారి మొహం కడిగించడానికే ఆవిడ పెళ్లయిన నాటినుంచీ పోరుతోంది. అలాంటివాడు కాలరు దాకా తడుపుకుని, పళ్లికిలిస్తూ లోపలికొచ్చాడు.

"డాక్టరు ఏమన్నారండీ?"

"ఏముంది, చిన్న పుండట. ఇంకోసారి ఆపరేషను చేస్తే లేచి తిరుగుతావట."

బయట వాన పడుతోందా అని అడగబోయి ఆవిడ ఠక్కున ఆగిపోయింది. ఆ వడ్రంగికి అప్పుడే అంతా తెలుసని ఇప్పుడర్థమైంది. భార్య పడ్డ పాట్లు వృథా చెయ్యడం ఇష్టంలేక నవ్వేశాడంతే. పాపం, ఆ నిజాన్ని ఒక్కడే మోసుకుంటూ పోయాడు. అది జోకని ఇన్నేళ్లు నవ్వినందుకు ఆవిడకి దుఃఖం పొంగుకొచ్చింది.

దుప్పటి అంచుతో ఆయన మొహం తుడిచింది. "చాల్లెండి. ఆ కుళాయి దగ్గరికి ఊరందరినీ తోలింది నేనేగా. ఇలా వచ్చి కూర్చోండి. ఏడుపొస్తే ఇక్కడే ఏడవండి."

ఆయన మంచం పట్టె మీద కూలబడ్డాడు. "నీకు చెప్పొద్దన్నారే పిల్లలు. ఆపరేషనే చేయిద్దామంటున్నారు."

"కోసేది నా కడుపండీ. నన్నడగండి."

తుడిచిన ఆయన మొహం మళ్లీ తడిసింది.

"మరి నీకేం కావాలే?"

"ఇంటికి తీసుకెళ్లండి."