గుట్ట మీద అమ్మ నిద్ర

నా చిన్నతనంలో మేం యూసుఫ్‌గూడలో ఒక వరస ఇళ్ల వాటాలో అద్దెకుండేవాళ్లం. నాన్న సినిమాల్లో లైట్‌మన్. సినిమావాళ్లతోపాటు మద్రాసు నుంచి మేమూ వచ్చేశాం. మావాళ్లంతా తెనాలి వైపు ఉండిపోయారు. ఈ ఊళ్లో అమ్మకు నా అనే మనిషి పక్కింటి అత్తమ్మ ఒక్కతే. ఆమె షూటింగుల్లో గ్రూప్ డాన్సర్లకు జడలు వేసేది. పుట్టి పెరిగిందంతా హైదరాబాదే. అమ్మను వదినె అని పిలిచేది కనుక నాకు అత్తమ్మ అయింది.

నాకు ఎనిమిదో ఏట, చలికాలంలో, తమ్ముడు పుట్టాడు. పురుడైనా వెళ్లకుండానే పోయాడు. అప్పటి ఏడుపులు నాకు అంతగా గుర్తు లేవు. ఆ తర్వాత ఇంటినిండా పేరుకున్న అలసటే బాగా గుర్తు. అమ్మ ఎప్పటిలాగే నీళ్లు పట్టేది, వంట చేసేది, నాకు తల దువ్వేది. నిద్ర మాత్రం పోయేది కాదు. నాకు ఎప్పుడు మెలకువ వచ్చినా గోడకు ఆనుకుని కూర్చునే కనిపించేది. నాన్న పని నుంచి వచ్చి ఆమె పక్కన కూర్చునేవాడు, కూర్చున్నచోటే కునుకు తీసేవాడు. చూడటానికి వచ్చినవాళ్లు, చిన్న వయసే కదా, మళ్లీ పుడతారులే అని ధైర్యం చెప్పేవారు. అమ్మ అందరి మాటలకూ తల ఊపేది. ఆ తల ఊపడానికి కూడా ఆమెకు ఓపిక ఉండేది కాదని ఇప్పుడు అనిపిస్తుంది.

అత్తమ్మ ధైర్యం చెప్పలేదు. ఒక ఆదివారం పొద్దున్నే సంచి భుజాన వేసుకుని వచ్చి, గుట్టకు పోదాం పద అంది. అమ్మ రానంది. పిల్ల ఎన్నాళ్లని ఇంట్లో మగ్గుతుందని నా వంక పెట్టి ఒప్పించింది.

అప్పట్లో జూబ్లీహిల్స్ దాటితే ఊరు అయిపోయేది. అక్కడ ఒక రాళ్ల గుట్టకు అటవీశాఖ వాళ్లు కంచె వేసి, గేటు పెట్టి, పైదాకా కాలిబాట తీశారు. వచ్చేపోయే జనం తక్కువ. బస్సు దిగి చాలా దూరం నడిచాం. బాటకు అటూ ఇటూ సీతాఫలం చెట్లు, తుమ్మలు, ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టున్న బండలు. పైనుంచి గోల్కొండ కనబడుతుందని అత్తమ్మ చెప్పింది కాబట్టి నా ధ్యాసంతా పైకెక్కడం మీదే.

సగం దారిలో అమ్మ ఆగిపోయింది. వేపచెట్టు కింద చదునుగా ఉన్న బండ మీద కూలబడి, "నావల్ల కాదు, మీరు వెళ్లి రండి" అంది.

ఇంకొంచెమే, లే, అని అత్తమ్మ బతిమాలుతుందనుకున్నాను. ఆమె చెప్పులు విడిచి పక్కనే కూర్చుంది. "గింత దూరం వచ్చినం గద, చాలు. జర ఒరుగు వదినె, నేనున్న" అంది. అమ్మ ఆమె ఒళ్లో తల పెట్టుకుంది. కొంగు ముఖం మీదికి లాక్కుంది. చూస్తుండగానే ఊపిరి బరువెక్కింది.

గోల్కొండ చూడకుండానే ఆగిపోయామని నేను గొణిగాను. అత్తమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, నెమళ్లు ఇక్కడికే వస్తాయనీ, కదలక మెదలక కూర్చున్నవాళ్లకే కనబడతాయనీ చెవిలో చెప్పింది. నమ్మాను. కాలి మీద చీమ పాకినా దులుపుకోలేదు. నెమలి రాలేదు. నీడ జరిగిపోతుంటే అమ్మ ముఖానికి ఎండ తగలకుండా అత్తమ్మ సంచి అడ్డం పట్టుకుంది. ఆమె కళ్లూ మూతలు పడుతున్నాయి. రాత్రంతా పనిచేసి, ఇల్లు చేరి, అలాగే బయలుదేరిందని నాకప్పుడు తెలియదు.

నెమలి ఏదీ అని మళ్లీ మళ్లీ అడిగాను. ఇంక నన్ను ఆపలేననుకుందేమో, నిజం చెప్పేసింది.

"నెమలి రాదు బిడ్డా. మీ అమ్మ పండుకోవాలని గట్ల చెప్పిన. మన వెనకింట్ల పసిపిల్ల ఏడ్చినప్పుడల్లా మీ అమ్మ ఉలికిపడి లేస్తది. గీడ ఎవ్వరు ఏడ్వరు గద."

వెనక వాటాలో పిల్ల ఏడుపు వినబడగానే అమ్మ రవిక తడిసిపోవడం, ఆమె గబగబా లోపలికెళ్లి మార్చుకోవడం నేను చూశాను. ఎందుకో అడగలేదు. ఆ మధ్యాహ్నం బండ మీద నాకు కొంత అర్థమైంది. మళ్లీ నెమలి మాట ఎత్తలేదు.

పొద్దు వాలుతుండగా కాపలా ఆయన ఈల ఊదుకుంటూ, జనాన్ని దించేస్తూ వచ్చాడు. అత్తమ్మ కదిలితే అమ్మ లేస్తుంది. నేనే చెప్పులు లేకుండా పరుగెత్తి, మా అమ్మ నిద్రపోతోందని చెప్పాను. ఆయన కొంగు కప్పుకున్న మనిషిని చూశాడు, నన్ను చూశాడు. ఈల జేబులో వేసుకున్నాడు.

"పండుకోనియ్. లేసినంక రాండ్రి, అప్పటిదాంక గేటు ముయ్య" అన్నాడు మెల్లగా.

అమ్మ లేచేసరికి బండ చల్లబడింది. ఎక్కడున్నదీ తెలియనట్టు చుట్టూ చూసి, "ఆకలేస్తోంది" అంది. అత్తమ్మ సంచిలోంచి చపాతీలు, మామిడికాయ తొక్కు తీసింది. అమ్మ తింటున్నంతసేపూ ఆమె తన తిమ్మిరెక్కిన కాళ్లు పిసుక్కుంటూ కూర్చుంది.

ఆ ఒక్క రోజుతో అంతా బాగైపోలేదు. ఆ రాత్రీ అమ్మ మేలుకునే ఉంది. కానీ పని లేని రోజు దొరికితే చాలు, అత్తమ్మ మమ్మల్ని ఆ బండ దాకా తీసుకెళ్లేది. పైదాకా మేం ఎప్పుడూ ఎక్కలేదు.

ఇప్పుడా గుట్ట ఊరి మధ్యకు వచ్చేసింది. నేను మోతీనగర్‌లో ఉంటున్నాను. ఈ వయసులో నాకు పెళ్లిళ్లకంటే పరామర్శలే ఎక్కువ. వెళ్లినచోట ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. తలుపు దగ్గరగా వేసి, కాసేపు నడుం వాల్చండి, ఎవరైనా వస్తే నేను చూసుకుంటాను అంటాను. కొందరు వద్దంటారు. కొందరు మారుమాట లేకుండా వెళ్లి పడుకుంటారు. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుంటాను. ఒంట్లో ఓపిక తగ్గిపోయింది, చాలా పనులు మానేశాను. ఈ పని మాత్రం కూర్చునే చేయొచ్చు.