ఆంటీ పేరున్న స్టీలు డబ్బా

మా పక్కింటి అంకుల్ పోయారు. పోయిన మంగళవారం పొద్దున వాళ్ళమ్మాయి దేశానికి ఆ చివరున్న బర్నబీ నుంచి ఫోన్ చేసి, "అక్కా, నాన్న ఫోన్ ఎత్తడం లేదు, కాస్త చూస్తారా?" అంది. తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. వెళ్ళి చూస్తే వెనక తలుపు వైపు తిరిగి, కుర్చీలోనే ఉన్నారు.

ఇక్కడ మార్కమ్‌లో మేం ఇల్లు కొన్న ఈ ఆరేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా నా గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వలేదు. కుండీలో పెంచిన కరివేపాకు రెబ్బో, నిమ్మకాయో, ఏమీ లేకపోతే చెంచాడు పంచదారో వేసి ఇచ్చేవారు. "ఎందుకంకుల్ ఈ చాదస్తం" అని ఆటపట్టించేదాన్ని. "ఖాళీ గిన్నె చేతిలో పెడితే, ఇక మీ గడప తొక్కనని చెప్పినట్టేనమ్మా" అనేవారు.

ఆంటీ పోయాక మరీ ఒంటరివారయ్యారని, మొన్న అక్టోబరులో మాతో ఇటలీ లాక్కెళ్ళాం. క్యాంపర్‌వ్యాన్ రెంట్‌కి తీసుకుంటే, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టందే కదలనివ్వలేదు. వ్యాన్ ఇచ్చినతను బిత్తరపోయి చూశాడు. అందులోని బుల్లి స్టవ్ మీదే నేను పులిహోర చేసి, అంకుల్ తెచ్చిన స్టీలు డబ్బాలో సర్దాను. మూత మీద ఆంటీ పేరు చెక్కి ఉంది. పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చిందట.

అదో కొండ మీది పాత ఊరు. సందులు ఇరుకు, వ్యాన్ పట్టదు. కోట గుమ్మం బయట ఆపి నడిచాం. దారి పొడవునా చెస్ట్‌నట్ కాయలు రాలి ఉన్నాయి. మా ఆయన ఫొటోలంటూ వెనకబడ్డాడు. పై సందుకి చేరేసరికి పొగమంచు కమ్మేసింది. ప్రతి కిటికీ మూసే ఉంది, మా అడుగులు తప్ప చప్పుడు లేదు. ఒక్క గడప మీద మాత్రం నల్ల శాలువా కప్పుకున్న ముసలమ్మ కూర్చుని, నా చేతిలోని డబ్బా వంకే చూస్తోంది.

"ఆకలి మీదున్నట్టుంది, పెట్టమ్మా" అన్నారు అంకుల్. ప్లేటు లేదు. నేను ముందూ వెనకా చూడకుండా డబ్బాతో సహా ఇచ్చేశాను. వేళ్ళు తగిలితే నూతినీళ్ళంత చల్లగా ఉన్నాయి. రెండు చేతులతో అందుకుని లోపలికి వెళ్ళింది. ఎంతసేపున్నా రాలేదు. తలుపు తడదామని దగ్గరికెళితే తుప్పు పట్టిన తాళం, దాని మీద సాలెగూడు.

కింద రొట్టెల కొట్టావిడ ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి చూపించింది. కొండచరియ విరిగిపడ్డ దగ్గర్నుంచి ఆ సందులో ఎవరూ ఉండటం లేదట. భయం సంగతి తర్వాత, ఆంటీ డబ్బా పోగొట్టానే! ఏడ్చేశాను. అంకుల్ నా వీపు తట్టి, "తీసుకుంది కదమ్మా. తిన్నవాళ్ళు ఊరికే ఉండరు, పంపిస్తుందిలే" అన్నారు.

ఇంటికొచ్చాక రోజూ పొద్దున్నే వెనక తలుపు తీసి మెట్టు చూసుకునేవారు. "ఇవాళా రాలేదమ్మా" అని కంచె మీదుగా నవ్వేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఒక్కనాడూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అంత మంచి మనిషి పొరుగున ఉండటం నా అదృష్టం.

అంత్యక్రియలయ్యాక వాళ్ళమ్మాయి వంటింట్లోంచి పిలిచింది. "అక్కా, అమ్మ డబ్బా ఇటలీలో పోయిందన్నారు కదా?"

స్టవ్ పక్కనే ఉంది. మూత మీద ఆంటీ పేరు. లోపల నిండా చెస్ట్‌నట్ కాయలు, ఇంకా తడిమట్టి అంటుకుని ఉన్నాయి. బయట మోకాలిలోతు మంచు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "మీ దగ్గరే ఉంచుకోండక్కా" అంది, దాన్ని ముట్టుకోకుండా.

మీరు నమ్ముతారో లేదో గానీ, కాయలు తీసేశాక ఆ డబ్బా ఇంట్లో ఖాళీగా పెట్టుకోలేకపోయాను. ఆ ముసలమ్మ బాకీ తీరింది, ఇక వంతు మాది. నిన్న సాయంత్రం పులిహోర చేసి, డబ్బా నింపి, అంకుల్ వాళ్ళింటి వెనక మెట్టు మీద పెట్టి వచ్చాను.

ఈ పొద్దున వెళ్ళి చూశాను. మంచు మీద నిన్నటి నా అడుగులు తప్ప ఇంకేమీ లేవు. డబ్బా లేదు. అది పెట్టిన చోట, అప్పుడే తుంచిన కరివేపాకు రెబ్బ ఒకటి ఉంది.