వాడరేవులో మా అత్త తేల్చిన కేసు

మా అత్త రాజకుమారికి డిటెక్టివ్ నవలల పిచ్చి. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు, నవ్వుతూ మరీ చెబుతారు. మామ పోయాక ఆయన కొలువు ఆమెకు వచ్చింది. పంతొమ్మిదేళ్ళుగా గని మీద ల్యాంపు రూమ్‌లో పనిచేస్తోంది. కిందికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఆమె చేతికిచ్చి, అదే నంబరు దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ళ పట్టుకుపోతాడు. షిఫ్టు అయిపోయాక బోర్డుకు బిళ్ళ వేలాడుతోందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడన్నమాట.

దీపాలన్నీ కిందికి వెళ్ళాక దొరికే తీరికలో ఆమె చదివేది ఒక్కటే వరుస, హైమావతి టీచరు నవలలు. వాటిలో డిటెక్టివ్ ఆ టీచరే. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, ఉండేది సముద్రం పక్క ఊళ్ళో. నలభై ఒక్క పుస్తకాల్లోనూ ఒడ్డునున్న హోటల్లో భోజనం చేస్తూ చేస్తూనే ఎవరో ఒకరి గుట్టు రట్టు చేస్తుంది. చదివినవే మళ్ళీ చదువుతుంటే నాకు చిరాకేసి ఒకసారి అడిగాను.

"చంపినోడెవడో ఎరికైనంక మల్ల ఏముంటది అత్తమ్మా?"

"చంపినోని కోసం ఎవరు చదువుతరే? ఆమె కోసం చదువుత. పుస్తకమైపోతే కథ అయిపోతది గని ఆమె అయిపోదు. ఇంకో చీర కట్టుకొని ఇంకో పుస్తకంల మల్ల వస్తది. ముసల్దానికేం తెలుస్తదని అందరు ఆమె ముందట్నే అన్నీ మాట్లాడుతరు. ఆమె అన్నం తినుకుంట అన్నీ చూస్తది."

ఆ చివరి మాట అప్పుడు నా బుర్రకెక్కలేదు. ఎక్కి ఉంటే ఆ ఫారం నింపేదాన్ని కాదు.

మా బొగ్గు ఊళ్ళలో కొలువంటే ఇల్లూ పొలమూ లాంటిదే. పెద్దవాళ్ళ తర్వాత పిల్లలదే అని అందరి ధీమా. జబ్బు చేసి ఇక పని చేయలేరని తేలితే, ఆ కొలువు పిల్లలకు వచ్చే దారి ఉంది. అత్తకు యాభై మూడేళ్ళు, సర్వీసు ఇంకా ఎనిమిదేళ్ళుంది. అయినా అమ్మ కాదంటుందా అనుకుని, ఆమెను ఒక్క మాట అడగకుండానే నా భర్త ఉపేందర్ కరీంనగర్ బైకుల షోరూమ్‌లో పని మానేసి ఇంటికొచ్చి కూర్చున్నాడు. దానికి పెట్టే ఫారంలో అమ్మకు కళ్ళు కనపడటం లేదని రాద్దామన్నాడు. డిగ్రీ చదివినదాన్ని, రాత బాగుంటుందని నాతోనే రాయించాడు. నాకేమీ తప్పనిపించలేదు. నిజం చెప్పొద్దూ, ఆశ పుట్టింది. ఆమె కుర్చీ ఖాళీ అయితే చాలనుకున్నాను.

ఇక అత్త సంతకమే మిగిలింది. ఇంట్లో అడిగితే లొల్లి అవుతుందని, ముందు ఆమె కోరిక ఒకటి తీర్చి మెత్తబరచాలని ఉపేందర్ ఎత్తు వేశాడు. అత్త పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. రామగుండంలో రైలెక్కి చీరాలలో దిగి, ఆటోలో వాడరేవు చేరాం. అత్త నీళ్ళ దగ్గర చాలాసేపు ఊరికే నిలబడింది. "రాసినాయన అబద్ధం రాయలే, వాసన గిట్లనే ఉంటదన్నడు" అని తృప్తిగా వచ్చి ఒడ్డునున్న రేకుల హోటల్లో కూర్చుంది.

ఉపేందర్ వంజరం చేప వేపుడు, రొయ్యల ఇగురు తెప్పించాడు. రొయ్యలు ఏరి ఏరి తల్లి పళ్ళెంలో వేశాడు.

"అమ్మా, నడుమ కండ్లు గిట్ల మసకలొస్తున్నయా?"

అత్త నోట్లో ఉన్నది నిమ్మళంగా నమిలి మింగి, నీళ్ళు తాగింది.

"నువ్వెట్లాగు చెప్పవు, నేనే చెప్త తియ్యి. ఏనాడు నాకు గ్లాసెడు నీళ్ళియ్యనోనివి ఇయ్యాల రొయ్యలు ఏరి పెడుతున్నవ్. లీవుల ఉన్ననంటవ్, నలభై దినాల లీవు ఏ షోరూమోడు ఇస్తడు? పొద్దటి సంది నా కండ్ల ముచ్చట ఇది నాలుగోసారి. ఇగ ఈ పిల్ల చేతిసంచి అన్నం తినేటప్పుడు గూడ ఒళ్ళె నుంచి దించుతలేదు." నా వైపు చెయ్యి చాపింది. "ఇయ్యి బిడ్డా, ఆ కాయితం."

ఇవ్వక చస్తానా, ఇచ్చాను. అత్త కళ్ళకున్న అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. కాగితాన్ని చేయంత దూరం పట్టుకుని, హోటలంతా వినపడేలా చదవడం మొదలుపెట్టింది.

"నాకు రెండు కళ్ళూ సరిగా కనిపించడం లేదు. దీపాల మీది నంబర్లు గుర్తించలేకపోతున్నాను..."

"మెల్లగ చదువమ్మా, అందరు చూస్తుండ్రు."

"చూడనియ్. గుడ్డిదాన్ని గద, వాళ్ళు నాకేడ కనపడుతరు?"

అడుగున చీమంత అక్షరాల్లో ఉన్న షరతులు కూడా వదలకుండా చదివి, కాగితం కింద పెట్టింది.

"పోశం కాక బిళ్ళ మిగిలిన దినం యాదికున్నదారా?"

మా కాలనీలో అది తెలియనివాళ్ళు లేరు. ఆరేళ్ళ కిందటి మాట. షిఫ్టు అయ్యాక పోశం బిళ్ళ ఒక్కటీ బోర్డుకు మిగిలింది. మరిచిపోయి ఇంటికి పోయుంటాడని అందరూ తేలిగ్గా అన్నారు. దీపం పైకి రాలేదు కాబట్టి మనిషీ రాలేదని అత్త పట్టుబట్టి వెతికించింది. కాలు విరిగి, కదల్లేక, కిందే పడి ఉన్నాడాయన.

"నాకు కండ్లు కనపడవని నేనే సంతకం పెడితే, ఆనాడు నేను చూసిందేంది? ఇన్నేండ్లు వాళ్ళు గుడ్డిదాని చేతుల దీపాలు తీసుకొని దిగిండ్రా? పెట్ట. ఏం చేసుకుంటవో చేసుకో."

ఉపేందర్ రొయ్యలు ఏరడం ఆపాడు. "మరి నా గతేందమ్మా? ఉన్న పని గూడ ఇడిసిపెట్టిన."

"నన్నడిగి ఇడిసినవా? మీ నాయన పోయిననాడు, ఆడిదానివి నీకెందుకు, మరిదికియ్యి అన్నరు. అంతమంది కూసొని అంటేనే ఇయ్యలే. నువ్వు రొయ్యలు ఏరిపెడితే ఇస్తనా? నా నౌకరి నాది. ఎనిమిదేండ్లు చేస్త, ఒక్క దినం తక్కువ చెయ్య."

తర్వాత ఫారం నాకే తిరిగిచ్చింది. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ కాల్చింది.

"రాత ముత్యాల్లెక్కున్నది దీపా. ఇంత మంచి రాత నా కండ్లు తీసుటానికే పనికొచ్చిందా?"

సిగ్గుతో కాగితం మడవబోయాను. ఉపేందర్ బల్ల కింద నా మోకాలు తట్టి, "జాగ్రత్తగ దాయి, ఇంటికి పోయినంక మల్ల అడుగుదాం" అని గొణిగాడు. అప్పుడు వచ్చింది నాకు కోపం, ముందు నా మీద, తర్వాత ఆయన మీద. ఫారాన్ని నాలుగు ముక్కలు చేసి ఆయన పళ్ళెం పక్కన పెట్టాను.

"ఏందే, నీకు గూడ పిచ్చి లేసిందా?"

"నేనే రాసిన, నేనే చింపిన. నువ్వు షోరూమోళ్ళకు ఫోన్ చెయ్యి."

అత్త నన్ను మెచ్చుకోలేదు. అద్దాలు పెట్టుకుని, వడ్డించే అతన్ని పిలిచి, "నా కోడలికి ఇంకో వంజరం ముక్క వెయ్యి" అంది.