తోడల్లుడి గాలిమరలు

ఈ రోజు అమలాపురంలో మా అత్తారింట పులస పులుసు. పెళ్లయిన దగ్గర్నుంచీ గుడ్లున్న ముక్క పెద్దల్లుణ్ణని నాకే వేసేవారు. ఇవాళ మా అత్తయ్యగారి గరిటె నా కంచం దాటి వెళ్లి మా తోడల్లుడి కంచంలో వాలింది.

కారణం, అతను షేర్లు కొన్న కంపెనీ. గాలిమరలు పెడతారు, రోడ్లూ వంతెనలూ కూడా కడతారట. ఈ ఏడు లాభం రెట్టింపయిందని పేపర్లో పడితే, మా మావగారు పొద్దున్నే అందరికీ పైకి చదివి వినిపించేరు.

"మిమ్మల్నీ కొనమన్నానండి అన్నయ్యగారూ," అన్నాడు తోడల్లుడు, తీరిగ్గా ముల్లు తీసుకుంటూ. "గాలిని నమ్ముకుని ఎవడైనా డబ్బు పెడతాడా అని నవ్వేరు."

"ఆయ్, నవ్వేనండి," అన్నాను.

నేను నమ్ముకున్నది అంబాజీపేటలో కొబ్బరితోట. పోయినేడు గాలివానకి సగం చెట్లు పడిపోయేయి. నా చెట్లు పడగొట్టిన గాలే అతనికి డివిడెండ్ ఇస్తోంది, పైగా పులస గుడ్లు కూడా పెట్టిస్తోంది.

నాకేం కుళ్లు లేదండి. ఇంటికొచ్చేక మా ఆవిడ ఫ్యాను వేస్తే మాత్రం కట్టెయ్యమన్నాను. నా స్థానంలో మీరుంటే వేసుకునేవారా?